నీలి ప్రజాతి – తెలుగునాట ఎండుటాకు రంగు: ఒక చారిత్రక పరిశీలన

సంక్షిప్తి

ఇండిగోఫెరా అనే ఉష్ణమండల ప్రజాతికి చెందిన నీలిమొక్క భారతీయ వస్త్రచరిత్రలో ప్రధానమైన రంగుపంట. ఆధునిక చరిత్ర రచనలో ఈ పంట ప్రస్తావన బెంగాల్ నీలి తిరుగుబాటుకు, చంపారన్ సత్యాగ్రహానికి పరిమితమైంది. తెలుగు ప్రాంతాలలో రైతులే పండించి, చిన్న తొట్లలో ఎండుటాకుతో తయారుచేసిన నీలిమందు చరిత్రకు తగిన స్థానం లభించలేదు. మొక్క పేర్లు, రంగు తీసే పద్ధతి, కోరమాండల్ వస్త్ర వాణిజ్యం, సామర్లకోటలో రాక్స్‌బర్గ్ జరిపిన ప్రయోగాలు, కడప నీలిమందుకు లండన్ విపణిలో ఏర్పడిన గుర్తింపు, కృత్రిమ నీలి రాకతో కలిగిన పతనం అనే అంశాలను ఆధారం చేసుకొని ఆ లోటుకు కారణాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: నీలి, అవిరి, నీలిమందు, ఎండుటాకు పద్ధతి, అద్దకం, కడప, సామర్లకోట

1. ఉపోద్ఘాతం

నీలిమందు సాగు అనగానే చదువుకున్న తెలుగువారికి స్ఫురించే పేర్లు రెండు. ఒకటి దీనబంధు మిత్ర 1860లో ప్రకటించిన ‘నీల్ దర్పణ్’ నాటకం. రెండవది 1917లో గాంధీజీ నడిపిన చంపారన్ ఉద్యమం. ఈ రెండింటిలోనూ నీలి అంటే దొరల దౌర్జన్యం, రైతు కన్నీరు. ఆ చిత్రం సత్యమే. అయితే అది సంపూర్ణ చిత్రం కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీ కూడా నీలిమందును పెద్దయెత్తున ఎగుమతి చేసింది. ఆ సరుకులో గణనీయమైన భాగం కడప, నెల్లూరు, కర్నూలు, కృష్ణా మొదలైన తెలుగు జిల్లాలలో తయారైంది. అక్కడ బెంగాల్ తరహా తోట దొరతనం విస్తరించలేదు. మొక్కను పెంచినవాడు, కోసినవాడు, చాలాచోట్ల రంగు తీసినవాడు కూడా స్థానిక రైతే.

ఇంత విస్తృతమైన ఉత్పత్తి తెలుగువారి చారిత్రక స్మృతిలో ఎందుకు నిలవలేదు అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. దీనికి సమాధానం వెదకాలంటే రాజకీయ చరిత్ర ఒక్కటే చాలదు. మొక్క స్వభావం, ఆకు నుండి రంగు వెలువడే తీరు, ఆ పనికి కావలసిన నీరు, శ్రమ, పెట్టుబడి అనే అంశాలను కలిపి చూడవలసి ఉంటుంది.

2. ప్రజాతి – పేర్లు

ఇండిగోఫెరా చిక్కుడు కుటుంబానికి చెందిన ప్రజాతి. లిన్నేయస్ 1753లో దీనికి ఆ పేరు పెట్టాడు. ‘నీలిని ఇచ్చేది’ అని దాని అర్థం. ఉష్ణ, సమశీతోష్ణ మండలాలలో వ్యాపించిన ఈ ప్రజాతిలో సుమారు 750 జాతులున్నాయి. వాటిలో రంగు కోసం విస్తృతంగా సాగైనవి కొన్ని మాత్రమే. భారతదేశంలో ప్రధానమైనది ఇండిగోఫెరా టింక్టోరియా. అమెరికా ఖండాలలో ఇండిగోఫెరా సఫ్రుటికోసా, ఆఫ్రికాలో ఇండిగోఫెరా అరెక్టా ప్రాధాన్యం వహించాయి. ఒకరితో ఒకరికి సంబంధం లేని సమాజాలు ఒకే వర్ణాన్ని సాధించాయనడానికి పురావస్తు నిదర్శనాలు ఉన్నాయి. పెరూ తీరంలోని హువాకా ప్రియెటాలో దొరికిన, దాదాపు ఆరువేల సంవత్సరాల నాటి నూలు గుడ్డ పేలికలలో నీలిరంగును శాస్త్రజ్ఞులు గుర్తించి 2016లో ప్రకటించారు.

తెలుగులో ఈ మొక్కకు నీలి, అవిరి అనే పేర్లు వాడుకలో ఉన్నాయి. మొదటిది సంస్కృత సమం. రెండవది తమిళంలోని ‘అవురి’కి సోదర పదం. దీనిని బట్టి ఈ మొక్కతో దక్షిణాది వారికి ఉన్న పరిచయం సంస్కృత పదం మీద మాత్రమే ఆధారపడినది కాదని గ్రహించవచ్చు. ఆకు నుండి తీసి ముద్దగా ఆరబెట్టిన రంగును నీలిమందు అన్నారు. మొక్కకు, రంగుకు వేర్వేరు పేర్లు ఉండడం ఆ రెండింటి నడుమ ఒక తయారీ ప్రక్రియ ఉందన్న ఎరుకను తెలుపుతుంది.

వృక్షశాస్త్ర విభజన, లోకవ్యవహారం ఎల్లప్పుడూ ఏకీభవించవు. తెలుగునాట బీళ్లలోను, పొలం గట్లపైన విరివిగా పెరిగే వెంపలిని ఆంగ్లేయులు అడవి నీలి అని పిలిచారు. నిజానికి అది టెఫ్రోసియా అనే వేరొక ప్రజాతికి చెందినది. మరోవైపు నేలబారుగా ప్రాకే చెరగడ్డం ఇండిగోఫెరా ప్రజాతిలోనిదే అయినా దానిని ఎవరూ రంగు మొక్కగా ఎంచలేదు. ఇదే జాతి ఆస్ట్రేలియా మైదానాలలో గుర్రాలకు ప్రాణాంతకమైన వ్యాధిని కలిగిస్తుందని పశువైద్యులు గుర్తించారు. కనుక ప్రజాతి ఒక్కటైనంత మాత్రాన ప్రయోజనం ఒక్కటి కాదు. ఏ మొక్కలో ఏ గుణముందో తెలుసుకున్నది ప్రయోగం ద్వారానే. శతాబ్దాల తరబడి ఆ ప్రయోగం చేసినవారు గ్రామీణులు.

విదేశీ భాషలలోనూ ఈ మొక్క తన జన్మస్థానాన్ని ప్రకటించుకుంది. గ్రీకు, రోమన్ రచయితలు ఈ రంగును ‘భారతదేశానిది’ అనే అర్థం వచ్చే పదంతో వ్యవహరించారు. దానినుండే ఇండిగో శబ్దం ఏర్పడింది. సంస్కృత ‘నీలీ’ శబ్దం అరబ్బీ ద్వారా ఐరోపాకు చేరి ‘అనిల్’ అయింది. 1840 ప్రాంతంలో నీలిమందును బట్టీపట్టి ఒక కొత్త ద్రవాన్ని వేరుచేసిన రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్షే దానికి ‘అనిలిన్’ అని పేరు పెట్టాడు. తరువాతి కాలంలో సహజ వర్ణాలను విపణి నుండి తరిమివేసిన కృత్రిమ రంగుల పరిశ్రమకు ఆ అనిలిన్ మూలద్రవ్యం కావడం గమనార్హం.

3. ఆకు నుండి రంగు

నీలి ఆకు పచ్చగానే ఉంటుంది. అందులో నీలివర్ణం లేదు. ఇండికాన్ అనే వర్ణరహిత పదార్థం మాత్రమే ఉంటుంది. ఆకును నీటిలో నానబెట్టినప్పుడు ఆకులోని ఎంజైముల వలన అది విడిపోయి ఇండాక్సిల్ ఏర్పడుతుంది. ఆ నీటిని బాగా చిలికితే గాలిలోని ఆమ్లజనితో కలిసి ఇండాక్సిల్ నీలిరంగు రేణువులుగా మారి అడుగుకు దిగుతుంది. పైనీరు తీసివేసి, అడుగున మిగిలిన మడ్డిని కాచి, వడగట్టి, బిళ్లలుగా కోసి నీడలో ఆరబెడితే నీలిమందు సిద్ధమవుతుంది.

ఈ నీలిమందు నీటిలో కరగదు. కరగని రంగు నూలుకు పట్టదు. అందువలన అద్దకపువారు దానిని తిరిగి కరిగే స్థితికి తేవాలి. సున్నం, చౌడుమట్టి వంటి క్షారాలతోపాటు బెల్లమో, ఉడికించిన తగిరిస గింజలో బానలో కలిపి కొన్ని రోజులు పులియబెడితే రంగు ఆకుపచ్చ ఛాయ గల పసుపు ద్రవంగా మారుతుంది. అందులో ముంచిన గుడ్డ పైకి తీసినప్పుడు పసుపుగా కనిపించి, గాలి తగిలినకొద్దీ పచ్చబడి, చివరకు నీలంగా స్థిరపడుతుంది. ముదురు రంగు కావాలంటే పలుమార్లు ముంచి ఆరవేయాలి. బాన తగినంత పులిసిందో లేదో తెలుసుకోవడానికి అద్దకపువారికి వాసన, రుచి, పైన కట్టే నురుగు రంగు, చేతి స్పర్శ తప్ప వేరే సాధనాలు లేవు. ఆక్సీకరణం, క్షయకరణం అనే మాటలు పుట్టకముందే ఆ రెండు ప్రక్రియలను అదుపులో పెట్టుకున్న నైపుణ్యమది.

ఈ పనికి సమాజం ఇచ్చిన గౌరవం మాత్రం తక్కువ. బ్రాహ్మణుడు ఆపత్కాలంలో వైశ్యవృత్తి చేపట్టినా అమ్మకూడని వస్తువులలో లక్కతోపాటు నీలిని కూడా మనుస్మృతి పేర్కొన్నది. పులియబెట్టిన బాన దుర్గంధం, ఆ క్రమంలో చనిపోయే పురుగులు ఇందుకు కారణాలు కావచ్చు. పంచతంత్రంలోని నక్క నీలిబానలో పడి రాజైన కథ అందరికీ తెలిసినదే. నీలిబాన ఊరి అంచున, సామాన్యుల ఇంటి ముంగిట ఉండే వస్తువన్న సంగతి ఆ కథకు నేపథ్యం. శ్రమ కూడా తేలికైనది కాదు. 1676లో తన యాత్రా గ్రంథాన్ని ప్రకటించిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే నీలిమందును జల్లించే కూలీలను వర్ణించాడు. వారు ముఖానికి గుడ్డ కట్టుకొని, మాటిమాటికి పాలు త్రాగుతూ పనిచేసినా కొద్ది రోజులకు వారి ఉమ్మి నీలంగా మారేదని వ్రాశాడు. నీలిమందు చరిత్రలో కూలి దేహం ఇంత స్పష్టంగా కనిపించే సందర్భాలు అరుదు.

4. కోరమాండల్ వస్త్రాలు – నీలి స్థానం

డచ్చివారు పదిహేడవ శతాబ్ది తొలి దశకంలోను, ఆంగ్లేయులు 1611లోను మచిలీపట్నంలో వర్తక స్థావరాలను ఏర్పరచుకున్నారు. వారిని ఆకర్షించినవి ఈ తీరపు నూలు వస్త్రాలు. డచ్చివారు లోతట్టున నేటి ఖమ్మం ప్రాంతంలోని నాగులవంచలో కూడా ఒక స్థావరాన్ని నడిపారు. వస్త్రాలతోపాటు నీలిమందు సేకరణ దాని ఉద్దేశాలలో ఒకటి. కుంపిణీలో పనిచేసిన డేనియల్ హావర్ట్ 1693లో డచ్చి భాషలో వెలువరించిన కోరమాండల్ వృత్తాంతం ఈ స్థావరాల ఉత్థాన పతనాలకు ముఖ్యమైన ఆకరం.

అద్దకపు వస్త్రాలలో నీలి స్థానం విశిష్టమైనది. ఎరుపునకు పటికను, నలుపునకు ఇనుప ద్రావణాన్ని గుడ్డపై కలంతో వ్రాసి, చిరివేరులో ఉడికిస్తే రంగు తేలుతుంది. నీలితో అది సాధ్యం కాదు. బాన నుండి తీసిన ద్రవం గాలి తగలగానే గడ్డకట్టి పోగును పట్టుకునే గుణాన్ని కోల్పోతుంది. కనుక నీలి అవసరం లేని భాగమంతటినీ మైనంతో కప్పి, గుడ్డను మొత్తంగా బానలో ముంచేవారు. తరువాత వేడినీటిలో మైనం కరిగించి తీసేవారు. ఆకుపచ్చ కావాలంటే ఆ నీలం మీద పసుపు పూసేవారు. పదునెనిమిదవ శతాబ్దంలో ఫ్రెంచి నావికాధికారి బ్యూలియు, జెస్యూట్ మతగురువు కోర్దూ ఈ పద్ధతిని ఒక్కొక్క దశగా వ్రాసి ఐరోపాకు పంపారు. కోర్దూ 1742 నాటి లేఖలో తాను ఈ వివరాలను స్థానిక అద్దకపు పనివారి నుండి తెలుసుకున్నట్లు తెలిపాడు. ఆ పనివారి పేర్లు మాత్రం గ్రంథస్థం కాలేదు.

చిత్రవర్ణ వస్త్రాలకంటే పరిమాణంలో పెద్దది సాదా నీలిగుడ్డల వ్యాపారం. కోరమాండల్ తీరంలో నేసి నీలిలో ముంచిన ముతక బట్టలకు ఐరోపా వర్తకులు గినీ బట్టలని పేరుపెట్టారు. పశ్చిమాఫ్రికా తీరంలో బానిసలుగా మనుషులను కొనడానికి చెల్లించిన సరుకులలో ఇవి ముఖ్యమైనవి. పందొమ్మిదవ శతాబ్దంలో సెనెగల్‌లో తుమ్మజిగురు వ్యాపారానికి పుదుచ్చేరి నీలిగుడ్డ దాదాపు నాణెంగా చెలామణి అయింది. అసలైన గుడ్డను అక్కడివారు వాసన చూసి గుర్తుపట్టేవారు. ఇక్కడి బాన వాసన అక్కడ నాణ్యతకు ప్రమాణమైంది. కోరమాండల్ నేతగాని, అద్దకపువాని శ్రమ తమకు తెలియకుండానే ఒక క్రూర వాణిజ్యంలో భాగమైన సంగతిని వస్త్రచరిత్ర విస్మరించరాదు.

5. సామర్లకోట ప్రయోగాలు

తెలుగునాట వృక్షశాస్త్రం, వర్ణపరిశ్రమ కలిసిన ప్రదేశం సామర్లకోట. స్కాట్లండు దేశీయుడైన కుంపిణీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుండి అక్కడ ఉండి తోట వేయించి మొక్కలపై ప్రయోగాలు జరిపాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లాడు. ఆయన పరిశీలనలు 1795 నుండి మూడు సంపుటాలుగా వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలోను, మరణానంతరం అచ్చయిన ఫ్లోరా ఇండికాలోను ఉన్నాయి. మొక్కల తెలుగు పేర్లను ఆంగ్ల లిపిలో వ్రాసిపెట్టడం ఆయన పద్ధతి. అందువలన ఆ గ్రంథాలు తెలుగు నిఘంటుకారులకు కూడా పనికివచ్చే ఆకరాలు.

రంగు మొక్కలపై ఆయన శ్రద్ధ ప్రత్యేకమైనది. అంకుడు చెట్టు ఆకు నుండి నీలిమందు తీయవచ్చునని ఆయన నిరూపించాడు. ఇది నీలి ప్రజాతికి ఏమాత్రం సంబంధం లేని గన్నేరు కుటుంబపు చెట్టు. నేటి శాస్త్రనామం రైటియా టింక్టోరియా. నీలి ఆకును చన్నీటిలో నానబెడితే చాలు. అంకుడు ఆకు చన్నీటికి లొంగదు. దానిని వేడినీటిలో కాచి రంగు రాబట్టాలి. ఏటేటా విత్తవలసిన పంటకు బదులు అడవిలో దానంతట అది పెరిగే చెట్టు నుండి రంగు లభిస్తే ఖర్చు తగ్గుతుందని ఆయన ఆశించాడు. వంటచెరకు ఖర్చు, ఆకు సేకరణలోని ఇబ్బందులు చూస్తే ఆ ఆలోచన నీలి సాగును తొలగించలేకపోవడం ఆశ్చర్యం కాదు. అదే అంకుడు కర్ర ఈనాడు ఏటికొప్పాక లక్క బొమ్మలకు ముడిసరుకు. ఒక చెట్టు ప్రయోజనం ఆకు నుండి కర్రకు మారిన తీరును ఇక్కడ గమనించవచ్చు.

నీలి ప్రజాతిలోనూ రాక్స్‌బర్గ్ కొత్త జాతులను వర్ణించాడు. పొడినేలలలో పెరిగే ఇండిగోఫెరా సెరూలియా అనే పేరు ఆయన పెట్టినదే. అయితే ఈ కృషిని ఒక వ్యక్తి కనుగొన్న విషయాల పట్టికగా చూడడం సరికాదు. మొక్కల పేర్లు చెప్పినవారు, ఆకు తెచ్చినవారు, తొట్టి చిలికినవారు, గ్రంథానికి అందమైన బొమ్మలు గీసిన భారతీయ చిత్రకారులు ఆ కృషిలో భాగస్వాములు. గ్రంథపు శీర్షిక పుటమీద వారు కనిపించరు.

6. ఎండుటాకు పద్ధతి

బెంగాల్‌లో నీలిమందును పచ్చి ఆకుతో తీసేవారు. కోసిన మొక్కను అదేరోజు పెద్ద ఇటుక తొట్లలో నింపి నానబెట్టాలి. ఆలస్యమైతే రంగు పాడవుతుంది. కనుక పొలం తొట్టికి దగ్గరగా ఉండాలి. ఒకేసారి వందల బండ్ల మొక్క రావాలి. సమృద్ధిగా నీరు కావాలి. ఇవన్నీ సమకూర్చగలిగినవాడు పెట్టుబడిదారు. నిర్ణీత సమయానికి మొక్క అందడానికి రైతును బయానాతో కట్టిపడవేయడం ఆ వ్యవస్థకు అవసరమైంది. బీహారులో బిఘాకు మూడు కఠాల భూమిలో నీలి వేయాలన్న తీన్‌కఠియా నిబంధన వెనుక ఉన్నది ఈ తర్కమే.

మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రసిద్ధమైనది ఎండుటాకు పద్ధతి. మొక్కను కోసి ఎండలో ఆరబెట్టి, కర్రలతో కొట్టి ఆకు రాల్చేవారు. ఆ ఆకును వాన తగలకుండా కొన్ని వారాలు కుప్పవేసి ఉంచితే ఆకుపచ్చదనం పోయి బూడిద కలిసిన నీలిఛాయ వస్తుంది. అప్పుడు తొట్టిలో కొద్ది గంటలు నానబెట్టి, నీటిని వేరొక తొట్టిలోకి దించి చిలికేవారు. రంగు త్వరగా దిగడానికి సున్నపు తేటను వాడేవారు. చెట్ల బెరడు కషాయాన్ని అందుకు వాడే ఆచారం కూడా ఉండేది.

ఈ పద్ధతిలోని ఆర్థిక ఫలితం గుర్తించదగినది. ఎండుటాకు తేలిక. దానిని బస్తాలలో నింపి దూరం తీసుకుపోవచ్చు. నిలవ ఉంచవచ్చు. నీరు దొరికిన రోజున, తొట్టి ఖాళీ అయిన రోజున రంగు తీయవచ్చు. వానలు తక్కువైన కడప, కర్నూలు ప్రాంతాలకు ఇది అనువైనది. పెద్ద తొట్టి కట్టలేని రైతు కూడా ఆకును అమ్ముకోగలడు. ధర నచ్చకపోతే కొంతకాలం ఆగగలడు. అంటే ఆకును ఎండబెట్టడం ఒక సాంకేతిక ప్రక్రియ మాత్రమే కాదు. అమ్మేవానికి కొంత వ్యవధిని, ఆ వ్యవధి ద్వారా కొంత స్వాతంత్ర్యాన్ని ఇచ్చిన ఏర్పాటు. బెంగాల్ రైతుకు లేనిది ఆ వ్యవధే.

దీనిని బట్టి తెలుగు రైతు సుఖపడ్డాడని తేల్చడం తొందరపాటు అవుతుంది. ఇక్కడ కూడా వర్తకులు ముందుగా సొమ్మిచ్చి సరుకును కట్టడి చేసేవారు. కలకత్తా, లండన్ ధరలు పడిపోతే ఆ దెబ్బ చివరకు చేరేది చిన్న తొట్టి యజమానికే. సున్నం, మట్టి కలిసినందువలన మద్రాసు సరుకు నాణ్యత తక్కువన్న ఫిర్యాదులు వర్తకుల నుండి వచ్చేవి. నాసిరకమన్న ముద్ర ధరను తగ్గించేది. తక్కువ ధర నాణ్యతపై శ్రద్ధను తగ్గించేది. దోపిడి ఉన్నది. అయితే అది ఒక దొర బంగళా రూపంలో కాక ధరల రూపంలో ఉన్నది. అటువంటి దోపిడిపై తిరుగుబాటు చేయడానికి ఎదుట ఒక శత్రువు కనిపించడు.

7. ‘కుర్పా’ – ఒక ఊరి పేరు

లండన్ నీలిమందు వేలంపాటలలో బెంగాల్, అవధ్, మద్రాసు సరుకులతో పాటు ‘కుర్పా’ అనే రకం వేరుగా ఉండేది. ఇది కడప అనే పేరుకు ఆనాటి వర్తకుల ఉచ్చారణ. ఒక తెలుగు జిల్లా పేరు ప్రపంచ విపణిలో ఒక వర్ణద్రవ్యం రకానికి పేరుగా నిలవడం అరుదైన విషయం. అయితే ఆ రూపభేదమే ఈ చరిత్ర మరుగున పడడానికి కొంత కారణమైంది. వాణిజ్య పత్రాలలో కుర్పా అని చదివిన పరిశోధకునికి అది కడప అని వెంటనే తోచదు. మద్రాసు అని చదివినప్పుడు ఆ సరుకు ఏ జిల్లాదో తెలియదు.

జిల్లా మాన్యువళ్లు ఈ లోటును కొంత పూరిస్తాయి. బాస్వెల్ సంకలనం చేసిన నెల్లూరు మాన్యువల్ (1873), గ్రిబుల్ వ్రాసిన కడప మాన్యువల్ (1875), నరహరి గోపాలకృష్ణమ చెట్టి రచించిన కర్నూలు మాన్యువల్ (1886) ఆనాటి పంటలను, పరిశ్రమలను నమోదు చేశాయి. జార్జి వాట్ సంకలనం చేసిన భారతీయ ఆర్థిక ఉత్పత్తుల నిఘంటువు, ఎడ్విన్ హోల్డర్ 1896లో మద్రాసు ప్రెసిడెన్సీ అద్దకాలపై వ్రాసిన గ్రంథం వీటికి తోడు. బెంగాల్ విషయంలో 1860 నాటి నీలి విచారణ సంఘం రైతుల వాంగ్మూలాలను నమోదు చేసింది. తెలుగు జిల్లాల విషయంలో మిగిలినవి ప్రధానంగా ఎకరాలు, ధరలు, పద్ధతుల వర్ణనలు. అక్కడ రైతు మాట్లాడాడు. ఇక్కడ పట్టికలు మాట్లాడుతున్నాయి. స్మృతిలోని వ్యత్యాసానికి ఇది ముఖ్యకారణం.

8. వైద్యం – వ్యవసాయం

రంగు ఒక్కటే నీలి ప్రయోజనం కాదు. ఆయుర్వేద గ్రంథాలు దీనిని నీలిని అనే పేర విరేచన ద్రవ్యాలలో చేర్చాయి. గుల్మ చికిత్సలో నీలిన్యాది ఘృతం ప్రసిద్ధమైనది. కేరళ వైద్య సంప్రదాయంలోని నీలిభృంగాది తైలం నేటికీ కేశ సంరక్షణకు వాడుకలో ఉంది. గోరింటాకుతో కలిపి జుట్టుకు నలుపు తెచ్చే నీలి ఆకు పొడికి ఇప్పుడు దేశ విదేశాలలో గిరాకీ ఉంది. తమిళనాడులోని తిండివనం పరిసరాలు ఆ సాగుకు కేంద్రం. ఇవి సంప్రదాయ వినియోగాల వివరాలే గాని, ఆధునిక వైద్య నిర్ధారణలు కావు.

వ్యవసాయంలో నీలి పాత్ర అంతకంటే నిశ్శబ్దమైనది. చిక్కుడు కుటుంబపు ఇతర మొక్కలవలె దీని వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తాయి. రంగు తీయగా మిగిలిన పిప్పి వరిమళ్లకు మంచి ఎరువు. కృష్ణా, గోదావరి మండలాలలో వెంపలిని పచ్చిరొట్టగా త్రొక్కించే ఆచారం కూడా ఈ జ్ఞానం నుండి వచ్చినదే. కాబట్టి నీలి సాగు తగ్గినప్పుడు రైతు కోల్పోయినది ఒక రొక్కపు పంటనే కాదు. పొలానికి దక్కే ఎరువును కూడా కోల్పోయాడు.

9. కృత్రిమ నీలి – పతనం

జర్మన్ శాస్త్రవేత్త ఆడల్ఫ్ ఫాన్ బేయర్ 1880లో ప్రయోగశాలలో నీలిని సంశ్లేషించాడు. 1883లో దాని నిర్మాణాన్ని నిర్ణయించాడు. హాయ్‌మన్ 1890లో కనుగొన్న మార్గాన్ని అభివృద్ధి చేసి బాస్ఫ్ సంస్థ 1897లో కృత్రిమ నీలిని విపణిలోకి తెచ్చింది. అప్పటికి భారతదేశంలో నీలి సాగు 15 లక్షల ఎకరాలకు పైగా ఉన్నది. 1914 నాటికి అది రెండు లక్షల ఎకరాల లోపునకు పడిపోయింది. ప్రథమ ప్రపంచ యుద్ధంలో జర్మన్ రంగులు రాకపోవడంతో సాగు కొద్దికాలం పుంజుకుంది. యుద్ధం ముగిసిన తరువాత తిరిగి క్షీణించింది.

ఈ పతనాన్ని రెండు ప్రాంతాలు వేర్వేరుగా అనుభవించాయి. బీహారులో తోట దొరలు తమ నష్టాన్ని శిస్తు పెంపు, పరిహారం రూపంలో రైతులపైకి నెట్టారు. చంపారన్ అసంతృప్తికి అది ప్రత్యక్ష కారణం. 1918 నాటి చట్టం తీన్‌కఠియాను రద్దు చేసింది. తెలుగు జిల్లాలలో నష్టాన్ని నెట్టే దొరా లేడు, రద్దు చేయవలసిన నిబంధనా లేదు. రైతు ఇతర పంటలకు మళ్లాడు. తొట్టి ఎండిపోయింది. ఆకును కుప్పవేయడం, నురుగును చూసి పక్వం తెలుసుకోవడం వంటి నైపుణ్యాలు వాటిని ఎరిగినవారితోనే అంతరించాయి. అద్దకపువారికి రంగు డబ్బాలో దొరికింది. బానకు బదులు రసాయనం వచ్చింది.

10. ముగింపు

పై పరిశీలన వలన కొన్ని నిర్ణయాలకు రావచ్చు. మొదటిది, నీలిమందు చరిత్ర ఒకే విధమైనది కాదు. పచ్చి ఆకు పద్ధతి తోట దొరతనానికి, ఎండుటాకు పద్ధతి చెదరిన రైతు ఉత్పత్తికి అనుకూలించాయి. మొక్క ఒక్కటే అయినా సాంకేతిక పద్ధతిని బట్టి సామాజిక సంబంధాలు మారాయి. రెండవది, తెలుగునాట నీలి చరిత్ర మరుగున పడడానికి కారణం దాని ప్రాధాన్యం తక్కువ కావడం కాదు. అది తిరుగుబాటుగా నమోదు కాలేదు. తన సొంత పేరుతో లండన్ పత్రాలలోకి ఎక్కలేదు. సంఘర్షణను మాత్రమే చరిత్రగా గుర్తించే దృష్టికి ఇటువంటి దీర్ఘకాల శ్రమ కనిపించదు. మూడవది, రాక్స్‌బర్గ్, కోర్దూ వంటివారి రచనలను పాశ్చాత్యుల పరిశోధనలుగా మాత్రమే కాక, పేరులేని తెలుగు, తమిళ పనివారి జ్ఞానానికి ఆకరాలుగా చదవాలి.

ఈ దిశలో చేయవలసిన పని మిగిలి ఉంది. కడప, కర్నూలు, నెల్లూరు ప్రాంతాల పెద్దల నుండి నీలి పనికి సంబంధించిన మాటలను సేకరించడం, మాన్యువళ్ల వివరాలను గ్రామస్థాయిలో సరిచూడడం, మ్యూజియములలోని కోరమాండల్ వస్త్రాల నీలాన్ని రసాయనికంగా పరీక్షించడం వాటిలో ముఖ్యమైనవి. వృక్షశాస్త్రం, భాషాశాస్త్రం, ఆర్థిక చరిత్ర కలిసి చేయవలసిన కృషి ఇది.

తెల్లని బట్టలకు మెరుపు రావడానికి చాకిరేవులలోను, ఇళ్లలోను వాడే పొడిని నేటికీ నీలిమందు అనే అంటారు. అది అల్ట్రామెరైన్ అనే ఖనిజ వర్ణం. అందులో ఆకు లేదు, తొట్టి లేదు, పులిసిన బాన లేదు. మొక్క పోయినా పేరు మిగిలింది. ఆ పేరు వెనుక ఉన్న పొలాన్ని, ఆకును ఎండబెట్టిన చేతులను తిరిగి గుర్తించడం తెలుగు ప్రాంతాల ఆర్థిక చరిత్రకు అవసరం.